పంచకళ్యాణి వెంట మూడు ఊళ్లు

చవితి సెలవులకు మా ఆఫీసులో ఒకరు తిరుపతి వెళ్లారు, ఒకరు అత్తవారింటికి వెళ్లారు. నేను ఒక ఆర్కెస్ట్రా వెంట మూడు ఊళ్లు తిరిగి వచ్చాను. విని నవ్వినవాళ్లకు జవాబు చెప్పడం నా అలవాటు కాదు. వెళ్లనివాళ్ల కోసం రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. నేను అభిమానిని కాను. అభిమానులు ఈలలు వేస్తారు, కండువాలు ఎగరేస్తారు. నేను శ్రోతను. మాడుగులపల్లి దాపున మా పల్లెలో మాకు గడి, అంటే దొరల కోటలాంటి మేడ, ఉన్న రోజుల్లో ఒక ఉస్తాదు నాలుగేళ్లు మా ఇంట్లోనే ఉండి నాకు స్వరజ్ఞానం నేర్పాడు. తరవాత పొలాలు పోయాయి. గడిని ఎవరో కొనుక్కుని వడ్ల గోదాము చేసుకున్నారు. నేను నగరంలో ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుకుంటున్నాను. అన్నీ పోయినా చెవి మిగిలిందని నాకు గట్టి నమ్మకం. ఆ చెవి మెచ్చిన గొంతు ఈ జిల్లాలో ఒక్కటే. అది సైదులుది.

సైదులు పంచకళ్యాణి ఆర్కెస్ట్రాలో గాయకుడు. సూర్యాపేట వాళ్ల పార్టీ అది. అకార్డియన్, గిటారు, బొంగోలు, డోలక్, ఇమాం సాహెబ్ అనే పెద్దాయన క్లారినెట్. పాడేవి సినిమా పాటలే. అయితే ప్రతి కచేరీలో చివర సైదులు ఒక పడవ పాట ఎత్తుకునేవాడు. అందులో ఒకచోట ముఖం ఆకాశానికి ఎత్తి, ఒకే స్వరం మీద నిలబడిపోయేవాడు. జనం ఆ స్వరాన్ని లెక్కపెట్టేవారు. ఒకటి, రెండు, మూడు అని మైదానమంతా ఒకే గొంతుతో అరిచేది. లెక్క ఇరవై రెండు దాకా వెళ్లేది. ఆ అంకె రాగానే వెనక వరసల్లో కుర్చీలు గాలిలోకి లేచేవి. నేను గొంతు కలిపేవాణ్ణి కాను. మోకాలి మీద చూపుడువేలితో లెక్కించేవాణ్ణి. ఒక్క ఏడాది కూడా నా లెక్క తప్పలేదు.

రెండేళ్ల కిందట సైదులు పాట మానేసి బస్సు కండక్టరుగా చేరాడు. పంచకళ్యాణి మూతపడింది. ఈ చవితికి కొత్త గొంతుతో మళ్లీ వస్తున్నదనీ, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో మూడు మండపాలు ఒప్పుకున్నదనీ తెలిసి సంచీ సర్దుకున్నాను. కొత్త గొంతులో తప్పు పట్టడానికే బయలుదేరానని ఒప్పుకుంటున్నాను.

సూర్యాపేట

సూర్యాపేట బస్టాండు ఎదుట టీ పదిహేను పైసలు. నగరంలో ఇరవై. ఇక్కడ సాసరులోకి పొర్లేదాకా పోస్తారు, పొర్లకపోతే పిసినారితనం కింద లెక్క. సాసరులోది ముందు తాగాలా, గ్లాసులోది ముందు తాగాలా అన్నది నాకు ఈనాటికీ తేలలేదు. పక్క బల్ల మీదివాళ్లు సాసరుతో మొదలుపెట్టారు. నేను గ్లాసుతో మొదలుపెట్టి చొక్కా మీద పోసుకున్నాను.

మరక కడుక్కోవడానికి నీళ్ల కోసం పక్క దుకాణంలోకి వెళితే అది లచ్చయ్య దర్జీ కొట్టు. గోడ మీద సైదులు ఫోటో. ఫోటో పక్కన మేకుకు ఒక చామంతి దండ వేలాడుతోంది. బతికున్న మనిషి ఫోటోకు దండ వేయకూడదని ఎవరో చెబితే తీసి పక్కన తగిలించాడట.

లచ్చయ్య నన్ను చూడగానే స్టూలు తుడిచాడు. "కూసోర్రి దొరా. మీరు గడి రంగారావు దొర గదా. యేటేటా మిమ్ముల ముందటి కుర్చీల సూస్త. వేలు ఆడిస్తరు, నోరు తెరవరు."

"నా పద్ధతి వేరు" అన్నాను.

"పద్ధతి ఏదైతేంది, లెక్క ఒక్కటే గదా. నాకు ఇరవై రెండు వచ్చేది. మీకు?"

"ఇరవై రెండే."

"గదీ మాట." లచ్చయ్య కత్తెర కింద పెట్టాడు. "గసోంటి గొంతు జాగల ఇప్పుడు ఆడామెను పట్టుకొచ్చిండ్రు. నిడమనూరు పిల్లట. పేరు అండాలట. మూతికాడ మైకు పెట్టంగనే సైదులన్న అయితదా?"

ఆ మాట వింటూనే గడపలోకి వచ్చిన మనిషి పంచకళ్యాణి మేనేజరు రాఘవులు. పార్టీవాళ్ల నీలం కోట్లు కుట్టేది లచ్చయ్యే. వాటి కోసం వచ్చాడు.

"కోట్లు నువ్వే కుడుతవు, కూతలు నువ్వే కూస్తవు" అన్నాడు రాఘవులు.

"కుట్టుడు నా పని. కూసుడు నా మనసు."

"మంచిది. నీ మనసు జర ఈ మూడు రోజులు ఆపుకో. నేను అండాలుకు మూడు ఊర్లు ఇచ్చిన. మిర్యాలగూడ దాటేసరికి జనం ఒప్పుకోలేదనుకో, ఆమెను నిడమనూరు బస్సు ఎక్కిస్త, పార్టీ ఎత్తేస్త. ఈ కోట్లు గూడ నువ్వే తొడుక్కో."

"నీలం రంగు నాకు నప్పది" అన్నాడు లచ్చయ్య.

కచేరీ పొద్దుగూకే వేళకు మొదలైంది. ఈ జిల్లాలో ఒక ఆచారం ఉంది. వినేవాళ్లు తమకు కావలసిన పాటను చీటీ మీద రాసి, కింద తమ పేరూ ఊరూ రాసి వేదిక మీదికి పంపుతారు. మేనేజరు ఆ పేర్లన్నీ మైకులో చదివాకే పాట మొదలవుతుంది. తమ పేరు మైకు హారన్లలో మోగడం కోసం పాట వినని వాళ్లు కూడా చీటీలు రాస్తారు. నేను ఎన్నడూ రాయలేదు. మా ఇంట్లో అడగటం ఎవరికీ అలవాటు లేదు.

ఆ సాయంత్రం వచ్చిన చీటీలన్నీ పడవ పాటవే. లచ్చయ్య కొలతల పుస్తకం చింపి అందరికీ కాగితాలు పంచాడు. కొన్ని చీటీల వెనక నడుము, భుజం కొలతలు కూడా ఉన్నాయని రాఘవులు చదువుతూ చదువుతూ కనిపెట్టి, "ఈ పాట కోరినాయన నడుము నలభై రెండు" అని చదివేశాడు. కాసేపు నవ్వులు.

అండాలు పొట్టి మనిషి, పాతికేళ్లు ఉండవు. ఆకుపచ్చ చీర కొంగు నడుముకు దోపుకుని, మైకుకు జానెడు దూరంలో నిలబడింది. గొంతు సన్నదీ కాదు, తీయనిదీ కాదు. అవతలి గట్టు మీది మనిషికి వినబడే గొంతు. నాలుగు పాటలు శుభ్రంగా పాడింది. తరవాత పడవ పాట. ఆ స్వరం దగ్గరికి రాగానే లచ్చయ్య లేచి నిలబడి చెయ్యెత్తాడు. లెక్క మొదలైంది. తొమ్మిది దగ్గర ఆమె ఆగి ఊపిరి తీసుకుంది.

"మిగిలింది ఎవలు పాడుతరు, మీ అత్తనా?" అని ఎవరో అరిచారు.

ఆమె ఆ వైపు చూడకుండా మిగతా చరణం పాడి ముగించింది. న్యాయంగా చెప్పాలంటే ఆ తొమ్మిది లెక్కల్లో స్వరం ఎక్కడా వణకలేదు. అయినా తొమ్మిది తొమ్మిదే అనుకుంటూ నేను వేలు ముడుచుకున్నాను.

కోదాడ

కోదాడలో దిగగానే మనుషుల మాటల చివర 'అండీ' వచ్చి చేరుతుంది. గంటన్నర ప్రయాణంలో మర్యాద ఇంత పెరగడం నాకు ఎప్పుడూ వింతే. భోజనం రూపాయి డెబ్బై అయిదు. విస్తరి, పప్పు, గోంగూర, పెరుగు. గోంగూరలో కారం మా వైపు కన్నా రెండింతలు. మేము కారాన్ని ఉప్పుతో కలిపి వాడుతాం, వీళ్లు కారాన్నే కూరగా వండుతారు. రెండోసారి అన్నం కావాలనిపించింది కానీ అడగలేదు. పక్క విస్తరి ఆయన నా విస్తరి వంక చూసి, "ఏమయ్యా, మాస్టారికి అన్నం వడ్డించు" అన్నాడు.

"నేను మాస్టారిని కాను" అన్నాను.

"అలాగా అండీ. ఆ కూర్చునే తీరు చూసి హెడ్మాస్టరు అనుకున్నానండీ. ఆర్కెస్ట్రాకు వచ్చారా?"

"వినడానికి వచ్చాను."

"మేమూ వస్తామండీ. మా సైదులు గారు ఉన్నప్పుడు ఇరవై రెండు లెక్కపెట్టేవాళ్లం. ఇప్పుడు ఎంత వస్తుందో చూద్దాం."

కోదాడలో నన్ను ఎరిగినవాళ్లు ఎవరూ లేరు. అయినా మండపంలో ముందు వరసలోనే కూర్చున్నాను. సన్నగా చినుకులు మొదలయ్యాయి. పైన కట్టిన టార్పాలిన్ నీళ్లతో పొట్టలా ఉబ్బింది. నా పక్కవాళ్లు ఒక్కొక్కరే వెనక్కి జరిగారు. ఒకాయన "జరగండి సార్, పడుతుంది" అన్నాడు. ముందు వరస వదిలి వెనక్కి పోవడం నాకు చేతకాదు. టార్పాలిన్ తాడు తెగింది. దానిలోని నీళ్లన్నీ ఇంకెవరి మీదా పడలేదు.

కచేరీ అరగంట ఆపారు. వేదిక పక్క రేకుల కింద నేను కండువా పిండుకుంటుంటే ఎవరో టవలు చాపారు. అండాలు.

"తుడుసుకోర్రి సారూ. ఉతికిందే."

తీసుకున్నాను.

"నిన్న సూర్యాపేటల వేలు ఆడిచ్చినోళ్లు మీరే గదా" అంది. గొంతులో కోపమేమీ లేదు. "అరిసేటోళ్లు మస్తుమంది ఉండిరి. వాళ్ల దిక్కు సూడకుంట పాడొచ్చు. మీ వేలు మాత్రం సక్కగ నా ముందలనే ఉండె."

ఉస్తాదు ధోరణిలో అడిగాను. "తొమ్మిది దగ్గర ఎందుకు ఆపావు? ఊపిరి చాలదా?"

"సాలదు. నాకు ఎన్నడు అక్కర పడలే." ఆమె గుంజకు ఆనుకుంది. "మా అమ్మ నాట్ల కూలోళ్లకు పాట ఎత్తేది. అమ్మ పోయినంక నేను ఎత్తిన. ఒకరు ఎత్తుతరు, ముప్పై మంది అందుకుంటరు. వాళ్లు అందుకున్నప్పుడు మనం ఊపిరి తీస్కొని మల్ల ఎత్తాలె. ఒక్కతే నిలవడి ఊపిరి బిగవట్టుడు గాడ లేదు."

"ఏ ఊళ్లలో నాట్లు వేశారు?"

"మా నిడమనూరు, వేములపల్లి, మాడుగులపల్లి, అన్ని దిక్కుల. మాడుగులపల్లి కాడ ఒక గడి ముందల పెద్ద మడి ఉండె. ఏడు పాటల మడి అనేది మా అమ్మ."

"ఏడు పాటలంటే?"

"ఏడు పాటలు పాడితెగాని వొడవది. ఇది మూడు పాటల మడి, అది నాలుగు పాటల మడి, గట్ల మా లెక్క."

ఆ మడి మాది. మా నాన్న కాగితాల్లో దానికి ఎకరాలు, గుంటలు రాసి ఉండేవి. పాటల లెక్క ఒకటి ఉందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నేను మేడ మీద స్వరాలు సాధన చేస్తుంటే కింద నాట్లు పడుతున్న రోజుల్లో ఆ పాట పైకి వినబడేది. ఉస్తాదు లేచి వెళ్లి కిటికీ మూసేవాడు. ఇదేదీ ఆమెకు చెప్పలేదు. టవలు మడిచి ఇచ్చేశాను.

వాన వెలిశాక పడవ పాట వచ్చింది. కోదాడవాళ్లు ఎగతాళి చేయలేదు. నెమ్మదిగా తొమ్మిది దాకా లెక్కపెట్టి చప్పట్లు కొట్టారు. "పర్వాలేదండీ, ఆడపిల్ల కదా" అనుకున్నారు నా వెనక. సూర్యాపేటలో అల్లరికి చెదరని ఆమె ముఖం ఆ చప్పట్లకు చిన్నబోయింది. రాఘవులు వైర్లు చుట్టుకుంటూ, "ఇగ ఒక్క ఊరే" అన్నాడు. ఎవరితోనూ కాదు.

పది గంటల బస్సు

మర్నాడు మిర్యాలగూడకు ఎనిమిదిన్నరకు ఒక బస్సు, పదికి ఒకటి. ఎనిమిదిన్నరది సగం ఖాళీగా వెళ్లిపోయింది. బస్టాండులో సంచులు పట్టుకుని నిలబడ్డవాళ్లు కదలలేదు. వాళ్ల మధ్యలో లచ్చయ్య. మూడు ఊళ్లూ తిరగాలని కొట్టు మూసి వచ్చాడట.

"పదిదాంట్ల పోదాం దొరా. సైదులన్న డ్యూటీ."

సైదులు కొంచెం లావెక్కాడు. ఖాకీ చొక్కా, భుజాన తోలు సంచీ. "జల్ది ఎక్కుర్రి, ఫోటో దిగుతున్నరా?" అన్నాడు. ఆ గొంతు విని నేను ఆగిపోయాను. గరగరమంటూ ఉంది, ఇసుక మీద రేకు లాగినట్టు.

"అన్నా, ఒక్క చరణం" అన్నాడు లచ్చయ్య.

"ముందు టికెట్ తీస్కో."

"టికెట్ తీస్కుంటె పాడుతవా?"

"టికెట్ తీస్కోకుంటె దింపుత."

బస్సంతా నవ్వింది. అతను ఏం అన్నా నవ్వేట్టున్నారు. సైదులు నన్ను గుర్తుపట్టి డ్రైవరు వెనక సీటు ఖాళీ చేయించాడు. హుజూర్‌నగర్‌లో పది నిమిషాలు ఆగితే నాకు టీ తెచ్చి ఇచ్చి పక్కన కూర్చున్నాడు. లచ్చయ్య మా వెనకే నిలబడ్డాడు.

"కొత్త పిల్ల ఎంత దాకా లాగింది దొరా?" అని సైదులు అడిగాడు.

"తొమ్మిది."

"శానా మంచిగ లాగింది. నాది ఎనిమిదే."

నేను టీ గ్లాసు దించాను. "ఇరవై రెండు" అన్నాను.

"తక్కిన పద్నాలుగు ఇమాం సాబ్‌వి. నేను మైకు జర దించి, మొకం పైకి పెట్టి, నోరు తెరిచి నిలవడేది. ఆయన ఎనకకెల్లి క్లారినెట్‌ల అదే స్వరం అందుకునేది. ఆ రేకు హారన్లల్లకెల్లి వచ్చినంక ఏది గొంతో ఏది క్లారినెట్టో ఎవలికి ఎరుక? అందరు నా నోరు సూస్తుంటిరి."

"నేను కనుక్కోవలసింది" అన్నాను.

"మీకు ఎరుకే అనుకున్న దొరా. మీరు వేలు ఆడిస్తుంటె ఇమాం సాబ్ వణికేటోడు. ఆ దొర సంగీతం నేర్సినోడు, ఇయ్యాల పట్టేస్తడు అని."

వెనక నుంచి లచ్చయ్య అందుకున్నాడు. "సూసిండ్రా దొరా, ఎంత మనసో. తన పేరు గూడ ఇమాం సాబ్‌కు ఇచ్చేస్తుండు."

సైదులు నా వంక చూసి చేతులు చాపాడు. "రెండేండ్ల సంది ఇదే చెప్తున్న. ఎంత చెప్తె అంత గొప్పోన్ని అవుతున్న."

"మరి అండాలుకు ఇమాం సాహెబ్ ఎందుకు అందించలేదు?"

"అందుకుంటనన్నడట. ఆమెనే ఒద్దన్నదట. నోరు తెరిచి ఊకె నిలవడుడు నాతోని కాదన్నదట."

"నువ్వు తిరిగి వెళ్లకూడదా?"

"ఏ గొంతు వెట్టుకొని పోవాలె? రైట్ రైట్ అని అరిసి అరిసి ఖతమైంది. రాఘవులు కబురు పెట్టిండు, రానన్న. ఆ పిల్ల పోతె పంచకళ్యాణి పోయినట్టే. ఇమాం సాబ్ ఈ వయసుల పెండ్లి బ్యాండుల నడుస్తడా చెప్పుర్రి?" లేచి విజిల్ వేశాడు.

అక్కడి నుంచి మిర్యాలగూడ దాకా దారి ఎలా ఉందో నేను చెప్పలేను. కాలువ నీళ్లు వచ్చాక రెండు వైపులా వరి తప్ప మరేమీ కనబడదంటారు. ఉండే ఉంటుంది. నేను ఎనిమిదికి పద్నాలుగు కూడుతూ కూర్చున్నాను.

మిర్యాలగూడ

మిర్యాలగూడలో ఊరికి ముందే ఉడికిన వడ్ల వాసన వస్తుంది. మిల్లుల్లో వడ్లు ఉడకబెట్టి గచ్చు మీద ఆరబోస్తారు. మండపం ఒక మిల్లు ఆవరణలోనే. మిల్లు సేటు మాకందరికీ దొప్పల్లో ఉండ్రాళ్లు పెట్టించాడు. చెప్పులు విడిచి గచ్చు మీద కాలు పెడితే పగటి వేడి ఇంకా ఉంది. మగవాళ్లకు కుర్చీలు, ఆడవాళ్లకు గచ్చు. నాట్లు అయిపోయిన రోజులు కాబట్టి నిడమనూరు నుంచి, వేములపల్లి నుంచి, మాడుగులపల్లి వైపు నుంచి ట్రాక్టర్ల మీద ఆడవాళ్లు దిగుతూనే ఉన్నారు. ఆ వెచ్చటి గచ్చు మీద వరసగా, నాటు వేసేటప్పుడు నిలబడ్డంత దగ్గరగా కూర్చున్నారు.

వేదిక కింద ఇమాం సాహెబ్ క్లారినెట్ తుడుచుకుంటున్నాడు. నన్ను చూసి సలాం చేసి చూపు తిప్పుకున్నాడు. సైదులు చెప్పినదాన్ని నలుగురికీ చెప్పేద్దామని బస్సు దిగేటప్పుడు అనుకున్నాను. కానీ సైదులే రెండేళ్లుగా చెబుతుంటే నమ్మనివాళ్లు నా మాట నమ్ముతారా? పైగా ఆరేళ్లు క్లారినెట్‌ను గొంతనుకుని వేలు ఆడించిన మనిషి చెబితే.

లచ్చయ్య చీటీలు పంచుతున్నాడు. "నాకొకటి ఇవ్వు" అన్నాను.

"మీరు గూడనా దొరా" అని మురిసిపోయి పెన్సిలుతో సహా ఇచ్చాడు.

'నాట్ల పాట ఒకటి పాడవలెను' అని రాశాను. చూసుకుంటే మా నాన్న పట్వారీకి రాసి పంపే హుకుంలా ఉంది. చింపేశాను. ఇంకో కాగితం అడిగి తీసుకుని, ప్రూఫు దిద్దినట్టు మాట మాటకూ ఆగి, 'నాట్ల పాట ఒకటి పాడమని కోరుతున్నాను' అని రాశాను. కింద పేరు. ఊరు రాయక తప్పదు. రాశాను.

రాఘవులు మొదటి పాటలు కానిచ్చి చీటీలు చేతిలోకి తీసుకున్నాడు. నా చీటీ దగ్గర ఆగి, కళ్లు చిట్లించి చూసి, మైకులో చదివాడు. "మాడుగులపల్లి కాడి గడి రంగారావు గారు నాట్ల పాట కోరుతున్నరు."

గడి అని నేను రాయలేదు. అతనే చేర్చాడు.

కుర్చీల్లో కొందరు గొణిగారు, సినిమా పాట కాక ఇదేమిటని. గచ్చు మీద మాత్రం తలలు తిరిగాయి.

"ఎవలు? గడి దొరనా?"

"కోరుతుండట."

"కోరుడు గూడ వస్తదా దొరలకు?"

నవ్వు గచ్చు ఈ చివరి నుంచి ఆ చివరికి పాకింది. మాడుగులపల్లి గుంపులోంచి ఒక ముసలమ్మ గట్టిగా అంది. "లేసి నిలవడు దొరా. మొకం సూస్తం."

నిలబడ్డాను. వీపు నిటారుగానే ఉంది, అది నా చేతిలో లేదు.

"నాట్ల పాట అడుగుతున్నవు, మడి ఏది దొరా?" అంది ఇంకొకామె.

"మడి పోయింది" అన్నాను. నా గొంతు మైకు లేకుండానే వినబడింది. "పాట ఉంటే చాలు."

నవ్వు ఆగిపోయింది. ముసలమ్మ వేదిక వైపు తిరిగింది. "ఏడు పాటల మడి పోగొట్టుకుండు, ఒక్క పాట అడుగుతుండు. పాడరాదె బిడ్డా."

అండాలు నా వైపు చూసింది. ఆ గడి ఎవరిదో అప్పుడే తెలిసిందనుకుంటాను. పెదవి కొరుక్కుని ఒక పాట ఎంచుకుంది. నాట్లకు తొందరపెట్టే దొరగారి జీతగాడి బొటనవేలును ఎండ్రకాయ పట్టుకున్న పాట అది. వాడు ఒంటికాలి మీద గెంతుతూ గడి దాకా పోయి దొరకు మొరపెట్టుకుంటాడు. దొర ఎండ్రకాయను విడవమని హుకుం చేస్తాడు. ఎండ్రకాయ దొర మాట వినదు.

గిటారు అబ్బాయికి ఏం వాయించాలో తెలియలేదు. డోలక్ ఒక్కటే దరువు పట్టుకుంది. ఆమె పాటలో ఒక పాదం ఎత్తుకోగానే గచ్చంతా అందుకుంది. వందల గొంతులు. ఆమె ఊపిరి తీసుకుని మళ్లీ ఎత్తింది, మళ్లీ అందుకున్నారు. లచ్చయ్య అలవాటుగా చెయ్యెత్తి, "ఒకటి, రెండు, మూడు" అనేలోపే ఆడవాళ్లు వచ్చి పడ్డారు. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ మూడు దగ్గరే. ఎండ్రకాయ దొర హుకుం వినని చరణం దగ్గర మాడుగులపల్లివాళ్లు నా వైపు చేతులు చాపి పాడారు. మా జీతగాడి పేరు పోచయ్య. అతనికి ఎడమ బొటనవేలికి గోరు ఉండేది కాదు. కారణం నాకు నలభై ఏళ్ల తరవాత తెలిసింది. నవ్వాను. ఎవరూ చూడకుండా నవ్వుదామనుకున్నాను కానీ నిలబడి ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే.

పాట అయ్యాక రాఘవులు చేతిలో మిగిలినవి లచ్చయ్య పంపిన చీటీలు. పడవ పాటవి. అతను వాటిని కోటు జేబులో పెట్టుకోబోయాడు.

"సదువు రాఘవులన్నా" అంది అండాలు.

చదివాడు. ఆమె పడవ పాట ఎత్తుకుంది. ఆ స్వరం వచ్చింది. కుర్చీల్లోంచి లెక్క మొదలైంది. నేను ఈసారి ఆమె నోరు చూడలేదు. ఇమాం సాహెబ్ చేతులు చూశాను. క్లారినెట్ ఒళ్లో అడ్డంగా ఉంది, రెండు చేతులూ దాని మీద ఊరికే ఉన్నాయి. ఏడు, ఎనిమిది, తొమ్మిది. అండాలు దాచుకోకుండా, మైకులో వినబడేలా ఊపిరి తీసుకుంది.

గచ్చు అందుకుంది.

ఎవరూ చెప్పలేదు. ఎత్తిన మనిషి ఊపిరి తీసుకుంటే అందుకోవడం వాళ్లకు చేతుల్లో ఉన్న పని. సినిమా పాట అని కూడా చూడలేదు. ఆ ఒక్క స్వరం మిల్లు రేకుల దాకా లేచి నిలబడింది. ఆమె మళ్లీ వచ్చి కలిసింది, వాళ్లు కొంచెం తగ్గారు, ఆమె ఆగింది, వాళ్లు మళ్లీ లేచారు. లెక్క పదకొండు దగ్గరో పన్నెండు దగ్గరో చెదిరిపోయింది. తరవాత కుర్చీల వైపు నుంచి వచ్చింది అంకెలు కాదు, ఆ స్వరమే.

రాఘవులు మైకు దగ్గరికి వచ్చాడు. "దసరాకు మండపం పెట్టేటోళ్లు ఎవరన్న ఉంటె ఇయ్యాలనే చెప్పుర్రి. అండాలు వస్తది" అన్నాడు. వేములపల్లి ట్రాక్టరు దగ్గరి నుంచి ఒకాయనా, మిల్లు సేటూ ఒకేసారి చెయ్యెత్తారు. ఇద్దరూ వాదన మొదలుపెట్టారు. అండాలు వేదిక దిగి గచ్చు మీద తనవాళ్ల మధ్య కూర్చుని నీళ్లు తాగుతోంది. ఎవరో ఆమె వీపు మీద చరిచి ఏదో అంటే నీళ్లు పొలమారి నవ్వింది.

లచ్చయ్య నా పక్కకు వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఎంత దాకా వచ్చింది?" అని అడిగాను.

"లెక్కవెట్టలే దొరా. నడుమల నేను గూడ అందుకున్న." కండువాతో ముఖం తుడుచుకుని, కుర్చీ దుమ్ము దులిపి నా వైపు జరిపాడు. "ఇగ కూసోర్రి. ముసలామె లేవమన్నప్పటి సంది నిలవడే ఉన్నరు."